గంజి తాగిన హాథార్న్

చర్చి వెనక తలుపు పక్కన ఉన్న పొదకి ఆకులు ముడుచుకుపోతున్నాయని మొదట చూసింది మేము కాదు, లిండ్‌క్విస్ట్ గారు. మే నెలలో ఒక ఆదివారం మా ఆరాధన అయిపోయి, హాల్లో అన్నాలు తిని, గిన్నెలు కడుగుతున్నాం. ఆయన కిటికీ అవతల నిలబడి ఒక కొమ్మ వంచి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. లోపలికి వచ్చి ఏమైనా అంటాడేమోనని నేను చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. ఏమీ అనలేదు. మా గంజి గిన్నె వైపు ఒకసారి చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. అరిచి వెళ్ళే మనిషి కంటే ఏమీ అనకుండా వెళ్ళే మనిషంటే నాకు ఎక్కువ భయం.

ఆ చర్చి మాది కాదు. చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో అమెరికన్ లూథరన్లది. ఉదయం వాళ్ళ ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం నుంచి మాకు ఇచ్చేవాళ్ళు. మేమంతా గుంటూరు, రేపల్లె, తెనాలి వైపు లూథరన్ కుటుంబాలవాళ్ళం. ఆడవాళ్ళలో ఎక్కువమంది ఆస్పత్రుల్లో నర్సులు, వాళ్ళ వెనకాల మొగుళ్ళు వచ్చి దొరికిన పనుల్లో కుదురుకున్నారు. మా ఇంట్లో మాత్రం తిరగబడింది. మావారు దైవాశీర్వాదం ఎక్స్‌రే టెక్నీషియన్‌గా వచ్చారు, నేను ఎనిమిదో తరగతి చదువుతో ఆయన వెనకాల వచ్చాను. ఈ చర్చికి ముందు రెండు చోట్ల చూశాం. ఒకచోట పొయ్యి వెలిగించొద్దన్నారు. ఇంకొకచోట పాటలు వీధిలోకి వినబడుతున్నాయన్నారు. ఇక్కడ ఆ రెండూ లేవు.

అది ఎనభై మూడో సంవత్సరం. జూన్ ఆఖరి శనివారం మా పెద్దమ్మాయి విమలకుమారి పెళ్ళి ఆ హాల్లోనే పెట్టుకున్నాం. చర్చి అడ్రసుతో కార్డులు అచ్చయిపోయాయి. గుంటూరుకి పోస్టులో వెళ్ళిపోయాయి కూడా.

ఇక ఆ పొద సంగతి. దాని పేరు హాథార్న్. మన రేగు కంపకి ఉన్నట్టు ముళ్ళు, మేలో తెల్లటి పూలు, చలికాలం ముందు చిన్న ఎర్రటి కాయలు. చర్చికి పాతికేళ్ళు నిండినప్పుడు నాటారట. లిండ్‌క్విస్ట్ గారి భార్య ఆ పూలు కోసి బలిపీఠం మీద పెట్టేది. చర్చి గడ్డి కోసేదీ, మంచు ఎత్తేదీ, తలుపులకు రంగు వేసేదీ లిండ్‌క్విస్ట్ గారే. రిటైరైన మనిషి, చర్చి వ్యవహారాలు చూసే ట్రస్టీల్లో ఒకడు.

మేము అన్నం వార్చి వండేవాళ్ళం. అంతమందికి కుక్కర్లు ఎక్కడ సరిపోతాయి? పెద్ద డేగిసాలో ఉడికించి గంజి వార్చడమే. మొదట్లో ఆ గంజి సింకులో పోస్తే గొట్టం పూడిపోయి మనిషిని పిలిపించాల్సి వచ్చింది. అయినా గంజి తూములో పోయడానికి మాకు చేతులు రావు. ఇంటి దగ్గర అయితే కుడితి తొట్టిలోకి పోయేది, గేదె తాగేది. ఇక్కడ గేదె లేదు. చల్లారాక ఆ పొద మొదట్లో పోయడం మాలో నర్సు అయిన కరుణక్క మొదలుపెట్టింది, మిగతావాళ్ళం అదే పద్ధతి అనుకున్నాం. మొక్కకి బలం కూడాను అనుకున్నాం. అట్లా రెండేళ్ళుగా హాథార్న్ మా గేదె అయింది.

మరుసటి ఆదివారం ఆరాధన అవగానే దేవకుమార్ గారు మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టాడు. ఆయన మా సంఘం సెక్రటరీ, ఉద్యోగం ఇంజనీరు. మాకింకా సొంత పాస్టరు లేడు కాబట్టి ప్రార్థనలు చదివేదీ ఆయనే, చర్చివాళ్ళతో మాట్లాడేదీ ఆయనే.

"లిండ్‌క్విస్ట్ ఫోన్ చేశాడు," అన్నాడు. "ఆ పొద పాడైపోతోందట. మనం దానికి ఏం పోస్తున్నామని అడిగాడు. జూన్ రెండో గురువారం ట్రస్టీల మీటింగ్ ఉంది. కిచెన్ మనకివ్వాలా, అసలు హాల్ ఇవ్వాలా అని అందులో డిస్కస్ చేస్తారట."

"ఒక్క పొద కోసమా?" అన్నారు మావారు.

"పొద కోసం అని అనరు. పొదతో మొదలుపెడతారు."

నేను లెక్క చూసుకున్నాను. మీటింగ్ తర్వాత పెళ్ళికి పట్టుమని మూడు వారాలు కూడా లేవు. పెళ్ళికొడుకు వాళ్ళు డెట్రాయిట్ నుంచి వచ్చి తాళం వేసిన తలుపు ముందు సూట్లు వేసుకుని నిలబడ్డట్టు నాకప్పుడే కనబడింది. పైన వాన కూడా పడుతోంది.

"ఆయనే గడ్డిలో పిచ్చి మొక్కలు చావడానికి మందు చల్లుతాడు," అన్నాడు దేవకుమార్ గారు. "గాలికి అది ఎగిరి ఆకుల మీద పడితే ముడుచుకుంటాయి, నేను చదివాను. మనం అదే చెబుదాం."

"నిజంగా అదేనా?" అన్నాను.

"కాదని వాళ్ళని ప్రూవ్ చేయమనండి."

కరుణక్క మూల కుర్చీలో చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుని ఉంది. నైట్ డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చింది. "ఏందయ్యా దేవకుమార్, పేషెంట్‌ని చూడకుండానే కేసు కోర్టుకి తీసుకెళ్తన్నావు?" అంది.

"పేషెంట్ ఎవరక్కా?"

"ఆ బయట ముళ్ళేసుకుని నిలబడ్డవాడు. పద సుగుణా, చూసొద్దాం."

ఇద్దరం బయటికి వెళ్ళాం. దూరం నుంచి పొద బాగానే ఉన్నట్టుంది. దగ్గరికి పోతే కొమ్మల చివర్న ఆకులన్నీ లోపలికి చుట్టుకుపోయి, గిడసబారి, గుప్పిట బిగించినట్టు ఉన్నాయి. కొన్ని ఎర్రబడ్డాయి. కింది ఆకుల మీద ఏదో బంక పూసినట్టు మెరుస్తోంది.

నేను మిరప తోటల మధ్య పెరిగినదాన్ని. ఆకు పైకి ముడుచుకుంటే ఒక పురుగు, కిందికి ముడుచుకుంటే ఇంకొకటి. చిన్నదైపోయి కుచ్చులాగా ముద్ద కడితే మాత్రం బొబ్బర. బొబ్బరకి మందు లేదు. మొక్కని పీకి, గట్టు అవతలికి తీసుకుపోయి తగలబెట్టడమే, పక్క మొక్కకి అంటకముందే. మా నాన్న ఒక ఏడు సగం తోట అట్లా పీకేశాడు. అందుకని నేను ఆ ఆకుని చేత్తో ముట్టుకోలేదు కూడా.

"ఇది బొబ్బర అక్కా," అన్నాను.

"అయితే ఏం చెయ్యాలి?"

"పీకాల్సిందే."

"బాగుంది. వాళ్ళ పాతికేళ్ళ పండగ చెట్టుని పీకి వాళ్ళ చేతిలో పెడదాం. ఇదిగోండి మీ చెట్టు, మా అమ్మాయి పెళ్ళికి హాలు తాళాలు ఇవ్వండి అని."

కరుణక్క వంగి పొద మొదలు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉన్నాడు?" అంది, ఆస్పత్రిలో అడిగినట్టే.

"పోయినేడు కొంచెం ఉన్నట్టు గుర్తు. ఈసారి ఎక్కువ."

"తిండి?"

"గంజి."

"ఎప్పుడెప్పుడు?"

"ప్రతి ఆదివారం."

"విరేచనం?"

"అక్కా."

"సరే, నవ్వావు కదా. నువ్వు బొబ్బర అంటావు, దేవకుమార్ గడ్డి మందు అంటాడు. ఇద్దరూ డాక్టర్లు కాదు, నేనూ కాదు. కౌంటీ ఆఫీసులో మొక్కల్ని చూసి చెప్పేవాళ్ళు ఉంటారని మా వార్డులో ఒకావిడ చెప్పింది. ఒక రెమ్మ తీసుకుని పోదాం."

రెమ్మ కోయడానికి కూడా నాకు భయమే. ఎవరైనా చూస్తే చెట్టుని మేమే నరుకుతున్నామనుకుంటారు. కరుణక్క తన పర్సులోంచి చిన్న కత్తెర తీసి టక్కున కోసింది. బ్రెడ్ కవరులో వేస్తే ముళ్ళు కవరు చీల్చుకుని బయటికి వచ్చాయి. ఆ రెమ్మని మా ఇంట్లో నీళ్ళ గ్లాసులో ఉంచాను. కిటికీలో ఉన్న మిరప మొలకలకి అంటుకుంటుందేమోనని గ్లాసుని గరాజులో పెట్టాను. గరాజులో పెట్టాక కారుకి ఏమైనా అవుతుందా అని ఆలోచించాను. అది అయ్యేది కాదని నాకే తెలిసింది.

మంగళవారం కరుణక్క డ్రైవ్ చేసింది, నేను రెమ్మని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆఫీసులో కళ్ళజోడుకి గొలుసు కట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది. ఎక్కడి మొక్క, ఎంత పెద్దది, చుట్టూ ఏముంది అని అడిగి, చుట్టుకున్న ఆకుని తెల్ల కాగితం మీద పెట్టి గుండుసూదితో మెల్లగా విప్పింది. చుట్ట విప్పినట్టు ఆకు విచ్చుకుంది.

"లోపల కాపురం ఉన్నవాళ్ళని చూశారా?" అంది. ఆ మాట కరుణక్క నాకు తెలుగులో చెప్పింది.

భూతద్దం నాకిచ్చింది. వంగి చూశాను. ఆకు అడుగున నూకల్లాగా బూడిద రంగు పురుగులు, ఒకదాని పక్కన ఒకటి, కదలకుండా అతుక్కుని ఉన్నాయి.

"పేనుబంక," అన్నాను.

"తెలుసా నీకు?" అంది కరుణక్క.

తెలియకపోవడమేంటి. చలికాలం చిక్కుడు పాదుకి పట్టేది అదే. పొద్దున్నే మా అమ్మ బూడిద చల్లేది. చిక్కుడు పాదు ఉన్న ఏ ఇంట్లో చంటిపిల్లనడిగినా చెబుతుంది. నేను మిరప తోట గుర్తు పెట్టుకుని వెళ్ళాను కాబట్టి ఆకు విప్పి చూడాలని తోచలేదు. బొబ్బర వచ్చిన ఆకులో చూడటానికి ఏమీ ఉండదు.

కరుణక్క గడ్డి మందు గురించి కూడా అడిగింది. ఆ మందు తగిలితే ఆకులే కాదు, కాడలు కూడా మెలితిరుగుతాయనీ, చుట్టుపక్కల మొక్కలు కూడా అట్లాగే ఉండాలనీ, ఇక్కడ పురుగులు కళ్ళ ముందే ఉండగా ఇంకొకటి వెతకడం ఎందుకనీ ఆవిడ అంది. తర్వాత చీమలున్నాయా అని అడిగింది.

ఉన్నాయి. పొద మొదట్లో సిమెంటు బీటలోంచి వరస కట్టి కొమ్మల మీదికి పోతుంటాయి. మా గంజి గిన్నె చుట్టూ కూడా చేరేవి.

"ఈ పురుగులు కార్చే తీపి నీళ్ళ కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి. వీటిని తినడానికి వచ్చే పురుగులని తరిమేస్తాయి. మొక్క మొదట్లో తిండి పోస్తుంటే చీమలు అక్కడే ఇల్లు కట్టుకుంటాయి," అంది.

"అయితే గంజి వల్లే వచ్చిందా?" అని అడిగించాను.

గంజి వల్ల పురుగు రాదు, కానీ చీమలకి మేలు చేసి ఉండొచ్చు అంది. గడ్డికి వేసే ఎరువు ఎక్కువైనా లేత చిగుళ్ళు ఎక్కువ వస్తాయి, పేనుబంకకి అవంటే ఇష్టం అని కూడా అంది. అన్నిటికీ ఉండొచ్చు అనే మాటే. ఖాయంగా ఒక్కటి చెబితే బాగుండునని నాకనిపించింది.

మందు మాత్రం ఖాయంగా చెప్పింది. విషం కొట్టొద్దు. మరీ ముడుచుకున్న చివర్లు కత్తిరించి సంచిలో కట్టి పారెయ్యండి. గొట్టంతో నీళ్ళు గట్టిగా ఆకుల అడుగున తగిలేటట్టు కొట్టండి, వారంలో రెండు మూడు సార్లు. మొండిగా ఉన్నచోట పొద్దున పూట సబ్బు నీళ్ళు చల్లండి, ఎండలో వద్దు. చీమలు ఎక్కకుండా కాండాలకి చుట్టూ జిగురు పట్టీ కట్టండి.

"ఆకులు ఎప్పటికి విచ్చుకుంటాయి?" అని అడిగాను. నాకు కావలసింది అదొక్కటే. రెండో గురువారానికి విచ్చుకోవాలి.

"ముడుచుకున్న ఆకు మళ్ళీ విచ్చుకోదు. కొత్తగా వచ్చే ఆకు చదునుగా వస్తే మీరు గెలిచినట్టు," అంది.

కారెక్కాక కరుణక్క, "చూశావా, తప్పు సగం మన గంజిది, సగం లిండ్‌క్విస్ట్ ఎరువుది," అంది.

"ఆ సగం మాట ఎవరి దగ్గరా అనకు అక్కా."

నీళ్ళు కొట్టాలంటే నీళ్ళు కావాలి. చర్చి బయట కొళాయి ఉంది కానీ దానికి తిప్పే పిడి లేదు. పిల్లలు ఆడతారని పిడి ఊడదీసి లిండ్‌క్విస్ట్ గారు తన తాళాల గుత్తికి తగిలించుకుని తిరిగేవాడు. అందుకని ఆయన్ని అడగాలి. అడిగితే ఎందుకని అడుగుతాడు.

ఆ సాయంత్రం దేవకుమార్ గారు ఫోన్లో మావారితో, "పేనుబంక అని చెప్పండి చాలు. గంజి ఊసు ఎత్తొద్దు. చెబితే మనమే చేశామని ఒప్పుకున్నట్టు. మీటింగ్‌లో అదే పట్టుకుంటారు," అన్నాడు.

మావారు ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. "ఏమంటావు?"

"ఆయన కిటికీలోంచి గంజి గిన్నె చూశాడండీ."

"చూస్తే చూశాడు. అదేంటో ఆయనకి తెలియదుగా."

"తెలియకపోతే ఇంకా ఏదో అనుకుంటాడు. యాసిడ్ అనుకుంటాడు."

"సుగుణా, గిన్నెలో యాసిడ్ ఎవరు వండుతారే?"

గంజి సంగతి చెప్పడమా, దాచడమా అని నేను ఎటు తిప్పి ఆలోచించినా రెండు దారులూ ఆ తాళం వేసిన తలుపు దగ్గరికే పోతున్నాయి. చెప్పే దారిలో మాత్రం కొళాయి నీళ్ళున్నాయి.

శనివారం పొద్దున మా చిన్నమ్మాయి మణిని వెంటబెట్టుకుని వెళ్ళాను. హైస్కూల్లో చదువుతోంది. "అమ్మా, డాడీ రావచ్చు కదా. నేను ఎందుకు? దిస్ ఈజ్ సో ఎంబరాసింగ్," అంటూనే ఉంది దారి పొడుగునా.

"డాడీ వస్తే మగవాళ్ళ మాటలవుతాయి. నువ్వు నేను చెప్పింది చెప్పు, అంతే."

"నువ్వు చెప్పేది ఎప్పుడూ చాలా సాడ్‌గా ఉంటుంది అమ్మా."

లిండ్‌క్విస్ట్ గారు గడ్డి కోసే యంత్రం ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్ల కనుబొమలు. నేను ముందు మాట్లాడలేదు. ఒక ఆకు కోసి, ఆఫీసులో ఆవిడ చేసినట్టే గుండుసూదితో విప్పి ఆయనకి చూపించాను. సూది తగిలి ఆకు కొంచెం చినిగింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు. తర్వాత నేల మీద చీమల వరస చూపించాను. తర్వాత గంజి గురించి చెప్పు అన్నాను మణితో.

"గంజిని ఇంగ్లీష్‌లో ఏమంటారు?" అంది మణి.

నాకేం తెలుసు. "అన్నం ఉడికిన నీళ్ళు అను. చిక్కగా ఉంటుంది, బట్టలకి పెడతారు అను." అది చెప్పేలోపు నేనే ఆయన చొక్కా కాలరు వైపు వేలు చూపించి, చెయ్యి కర్రలాగా నిటారుగా పెట్టాను. ఆయనకి మణి చెప్పకముందే అర్థమైంది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం పోశామనీ, మొక్కకి బలమనుకున్నామనీ, దానివల్ల చీమలు చేరి ఉండొచ్చనీ, ఇక పోయమనీ, పురుగు పోవడానికి నీళ్ళు కొట్టాలనీ మణి చెప్పింది. ఎరువు సంగతి నేను చెప్పించలేదు.

ఆయన కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికి దించుకున్నాడు. "ఇంటి దగ్గర ఆ నీళ్ళు ఏం చేస్తారు?" అని అడిగాడు.

"గేదెకి పోస్తాం. ఇక్కడ గేదె లేదు."

మణి అది చెబుతూ నేల వైపు చూసింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "మా అమ్మ బంగాళాదుంపలు ఉడికిన నీళ్ళు పందులకి పోసేది, మిన్నెసోటాలో," అన్నాడు. "ఇక్కడ పందుల్ని కూడా పెట్టుకోనివ్వరు. నేను కనుక్కున్నాను."

అది హాస్యమో కాదో మణికి కూడా తెలియలేదు. ఆయన నడుం దగ్గర తాళాల గుత్తిలోంచి కొళాయి పిడి తీసి నా చేతిలో పెట్టాడు.

"మీటింగ్ సంగతి అడుగు," అన్నాను మెల్లగా.

"మీటింగ్‌లో నాది ఒక్క ఓటే," అన్నాడు, అడగకముందే. వెళ్ళి మళ్ళీ యంత్రం స్టార్ట్ చేశాడు.

ఆ రోజు నుంచి పొదకి వైద్యం నడిచింది. మరీ పాడైన చివర్లు కత్తిరించి చెత్త సంచుల్లో కట్టాం. వీధి వైపు ఒక పక్క దాదాపు బోడి అయింది. కాండాలకి జిగురు పట్టీలు కరుణక్క కట్టింది, కట్టు కట్టినంత నీటుగా. వారంలో రెండు సాయంత్రాలు, శనివారం పొద్దున, మావారు నన్ను కారులో దింపేవారు. గొట్టం నేనే పట్టుకునేదాన్ని. ఆకుల అడుగున నీళ్ళు తగలాలంటే వంగి కింది నుంచి కొట్టాలి, సగం నీళ్ళు నా చీర మీదే పడేవి. రోడ్డు మీద పోయే కార్లు నెమ్మదించి చూసేవి. చూడనీ.

ముడుచుకున్న ఆకులు ముడుచుకునే ఉన్నాయి. విచ్చుకోవని చెప్పినా, ప్రతిసారీ కారు దిగగానే ముందు వాటినే చూసేదాన్ని. మీటింగ్‌కి వచ్చే ట్రస్టీలు కార్లు ఆపేది ఈ పక్కనే. వాళ్ళకి కొత్త ఆకు, పాత ఆకు అని ఎవరు చెబుతారు? వాళ్ళకి కనబడేది ఒక పక్క బోడిగా, ఒక పక్క గుప్పిళ్ళు బిగించి ఉన్న పొద.

విమలకుమారి ఫోన్ చేసి, "అమ్మా, గౌన్ ఆల్టర్ చేయించాను, నువ్వు చూడటానికి రాలేదేం?" అంది. అది ఉద్యోగం కోసం చికాగోలో గది తీసుకుని ఉండేది. హాలు సంగతి దానికి మేము చెప్పలేదు.

"పొదకి నీళ్ళు కొట్టాలమ్మా."

"ఏ పొద?"

"చర్చిది."

"నా పెళ్ళి కంటే నీకు ఆ పొద ఎక్కువైపోయింది."

 హాలు సంగతి చెబితే అది కూడా ఆ తాళం వేసిన తలుపు ముందు నిలబడుతుంది నా పక్కన.

మీటింగ్‌కి ముందు శనివారం మణి కూడా వచ్చింది. చిన్న కొమ్మల మీద కొత్త చిగుళ్ళు కనబడ్డాయి, వేలి గోరంత. చదునుగానే ఉన్నాయి. నాకు ఊపిరి ఆడింది. అప్పుడే కింది కొమ్మ మీద ఇంకొకటి కనబడింది. నల్లటి పురుగు, ఒళ్ళంతా చిన్న ముళ్ళు, వీపు మీద నారింజ రంగు మచ్చలు, బుల్లి మొసలి మాదిరి. ఒకటి కాదు, వెతికితే చాలా ఉన్నాయి. అవి కొత్త ఆకుల వైపే పోతున్నాయి.

పేనుబంక పోయి వీటికి దారి ఇచ్చినట్టయింది. గురువారానికి ఇవి చిగుళ్ళన్నీ తినేస్తాయి. ఇక చేసేదేమీ లేదనిపించింది. అయినా సబ్బు నీళ్ళ సీసా తీసి ఆ పురుగుకి గురి పెట్టాను.

పురుగుకీ సీసాకీ మధ్య ఒక టోపీ వచ్చింది. లిండ్‌క్విస్ట్ గారు ఎప్పుడు వచ్చాడో తెలియదు. వంగి, టోపీ అట్లాగే అడ్డం పెట్టి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడే?"

"చంపొద్దంట అమ్మా. అది లేడీబగ్ బేబీ అంట. ఎర్రగా ఉంటుంది కదా, బ్లాక్ డాట్స్? అది. పెద్దది అయితే అట్లా అవుతుంది. అది ఈ చిన్న పురుగుల్ని తింటుంది అంట."

అక్షింతల పురుగు. దాని పిల్ల ఇంత వికారంగా ఉంటుందని నేనెప్పుడూ చూడలేదు. ఆయన టోపీ తీసి తల మీద పెట్టుకుంటూ ఇంకో మాట అన్నాడు.

"అది మన సైడ్ అంట," అంది మణి.

మేము ముగ్గురం వంగి చూస్తూ నిలబడ్డాం. ఆ నల్లటిది మెల్లగా నడిచి ఒక ముడుచుకున్న ఆకు లోపలికి దూరింది. మళ్ళీ చాలాసేపు బయటికి రాలేదు.

"చీమలు తగ్గాయి కాబట్టి ఇవి వచ్చాయి," అన్నాడట ఆయన. ఆ తర్వాత, గడ్డికి తను వేసే ఎరువు ఈ ఏడు ఈ పక్కన వెయ్యడం మానేశానన్నాడట. అంటే కౌంటీ ఆఫీసుకి ఆయనా వెళ్ళొచ్చాడన్నమాట. నేను ఆయన మొహంలోకి చూశాను, ఆయన పొద వైపే చూస్తున్నాడు.

గురువారం సాయంత్రం మీటింగ్‌కి దేవకుమార్ గారినీ, మావారినీ పిలిచారు. నేను ఇంట్లో పప్పు పొయ్యి మీద పెట్టి ఫోన్ పక్కన కూర్చున్నాను. పప్పు అడుగంటింది. హాలు లేకపోతే మా ఇంటి బేస్‌మెంట్‌లో ఎంతమంది పడతారో మనసులోనే కుర్చీలు వేసి చూసుకున్నాను. పడరు.

మావారు ఫోన్ చెయ్యలేదు, ఇంటికే వచ్చారు. బూట్లు విప్పుతూ, "ఉంచారు," అన్నారు.

"ఏం ఉంచారు?"

"హాలు. మనకి ఉంచారు. పెళ్ళికి కూడా. ఒకాయన లేచి, ఆ పొద చూడటానికి అసహ్యంగా ఉంది, తీసేసి రాళ్ళు పోద్దాం, మధ్యాహ్నం పూట హాలు వాడుకునే వాళ్ళ సంగతి కూడా తేల్చేద్దాం అన్నాడు. లిండ్‌క్విస్ట్ లేచి, పొద తీయడానికి వీల్లేదన్నాడు. దాన్ని చూసుకునే మనుషులు ఉన్నారన్నాడు. అంతే. కూర్చున్నాడు."

"గంజి గురించి ఏమైనా అన్నాడా?"

"అన్నాడు. వాళ్ళే వచ్చి చెప్పారన్నాడు. గంజి బయట పోయకూడదు, పొదకి నీళ్ళు మనమే కొట్టాలి. షరతులు ఈ రెండే."

"వచ్చే ఏడు మళ్ళీ వస్తుందేమో పేనుబంక."

"సుగుణా, ముందు అన్నం పెట్టు."

పెళ్ళి రోజు వాన పడలేదు. విమలకుమారి, అల్లుడు వెనక తలుపు దగ్గర ఫోటోలు దిగారు. ఫోటోల్లో పొద బోడి వైపే పడింది, బాగున్న వైపుకి తిప్పమని నేను ఫోటో తీసే అతనికి చెప్పాను కానీ వెలుతురు అటు లేదన్నాడు. దగ్గరగా చూస్తే కొత్త ఆకులు కనబడతాయి. చిన్నవి, ఆకుపచ్చగా, చదునుగా ఉన్నాయి.

వంటింట్లో ఆ రోజు ఎప్పటికంటే ఎన్నో రెట్లు అన్నం వండాం. గంజి డేగిసాల్లో నిండి ఉంది. ఎక్కడ పోయాలో ఎవరికీ తోచడం లేదు. సింకులో పోస్తే పూడిపోతుంది, బయట పోస్తే మాట తప్పినట్టు. కరుణక్క పట్టుచీర కొంగు దోపుకుని, "బకెట్లలో పోసి మా కారు డిక్కీలో పెట్టండి, మా ఇంటి టాయ్‌లెట్‌లో పోస్తా," అంటోంది.

వెనక తలుపు తెరుచుకుంది. లిండ్‌క్విస్ట్ గారు సూటు, టైతో, రెండు చేతుల్లోనూ మూతలున్న పాల క్యాన్లు పట్టుకుని నిలబడ్డాడు. ఎల్జిన్ ఊరి అవతల ఆయన స్నేహితుడికి ఫారం ఉందట, పందులున్నాయట. భోజనాలు అయ్యాక తీసుకుపోతానన్నాడు. గంజి చల్లారిందో లేదో వేలు ముంచి చూసుకుని, క్యాన్లలో పోయించుకుని, తన పికప్ బండి వెనకాల తాడుతో కట్టుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం క్యాన్లు తెచ్చేవాడు. నేను గంజి ఆయనకి అందించే ముందు దాంట్లో ఉప్పు ఎక్కువైందేమో రుచి చూసేదాన్ని. ఆ పందులకి ఏమైనా అయితే మళ్ళీ మొదటికి వస్తుంది.